బోర్లించిన డబ్బాలు

కంచంలో వదిలేసిన మెతుకు ఎవరిది?

ఈ అనుమానం మెస్సు బాబాయికి చాలా ఏళ్లుగా ఉంది. వండించినవాడిదా? సగం తిని చెయ్యి కడుక్కుని లేచిపోయినవాడిదా? పండించినవాడిదా? ఎవరిదీ కాదంటే దేవుడిదే అనుకోవాలి. దేవుడిదే అయితే, దాన్ని రోజూ ఊడ్చి డబ్బాలోకి తోసే తను ఏమవుతాడు? ఒకసారి ప్రవచనం చెప్పడానికి వచ్చిన పెద్దమనిషిని ఉండబట్టలేక అడిగాడు. ఆయన నవ్వి, "ముందు వదలకుండా తినమనవయ్యా" అని, తన ముందున్న అన్నంలో సగం వదిలేసి లేచాడు. ఆ సగం కూడా బాబాయే ఎత్తాడు.

అతను యూనివర్సిటీ హాస్టళ్లన్నిటికీ కలిపి ఉన్న పెద్ద భోజనశాలకి సూపర్‌వైజరు. పిల్లలు బాబాయ్ అంటారు. ఆ పిలుపే పేరైపోయింది. ఇంట్లో భార్య కూడా కోపం వస్తే "ఏం మెస్సు బాబాయ్, ఇంటికి దారి గుర్తుందా?" అంటుంది. పొద్దున్నే స్నానం చేసి, దేవుడికి దణ్ణం పెట్టుకుని వచ్చి, మొదటి గిన్నె దించగానే కళ్లు మూసుకుని ఒక్క క్షణం నిలబడటం అతని అలవాటు. వంట మామ ఆ ఒక్క క్షణమూ గరిటె కదపకుండా ఆగుతాడు. "దేవుడికి వేడి తగిలింది గాని, ఇక పక్కకి జరుగు బాబాయ్" అంటాడు తర్వాత.

ఇప్పుడు ఆ అనుమానం దానంతటదే తీరిపోయేలా ఉంది. మెతుకులు వదిలేవాళ్లే తగ్గిపోయారు.

బయటికి వెళ్లే గుమ్మం దగ్గర లోపలున్నదంతా కనపడే పెద్ద ప్లాస్టిక్ పీపా ఒకటి పెట్టారు. వదిలేసిన తిండిని ఎవరికి వాళ్లే, అందరూ చూస్తుండగా అందులో గీకి వెయ్యాలి. పీపా కింద కాటా, పక్కన నల్లబోర్డు. మధ్యాహ్నం భోజనాలు అయ్యాక ఆ రోజు తూకం బోర్డు మీద రాస్తారు. ఇదంతా పర్యావరణం పాఠాలు చెప్పే మేడం ఆలోచన. సన్నగా ఉండి, నడుస్తూనే మాట్లాడే మనిషి. భుజానికి ఎప్పుడూ ఒక నీళ్లసీసా వేలాడుతుంటుంది. పిల్లలు వెనకాల పచ్చమేడం అని నవ్వుకుంటారు గాని, ముందు మాత్రం ఆవిడ చెప్పిందల్లా చేస్తారు. పెద్ద ప్లేట్లు తీసేసి చిన్నవి తెప్పించింది. చాలకపోతే మళ్లీ రండి, మొదటే కుప్ప పోయించుకోకండి అని గోడల మీద రాయించింది.

చేతికి తొడుగులు వేసుకుని పీపా దగ్గర నిలబడే పిల్లల్లో బాబాయి కూతురూ ఉంది. రెండో ఏడు చదువుతోంది.

"ఏంటన్నయ్యా, ఇంత కూర వదిలేశావు? ఇంట్లో మీ అమ్మ వండితే ఇలాగే వదిలేస్తావా?"

"మా అమ్మ వండితే ఇలా ఉండదు కదా చెల్లీ!"

వరసలో అందరూ గొల్లుమన్నారు. వడ్డించే కిటికీలోంచి వంట మామ తల బయటికి పెట్టాడు. "రేపట్నుంచి మీ అమ్మనే రమ్మను నాయనా, నేను పోయి మీ ఇంట్లో పడుకుంటా!"

ఆ కుర్రాడు నవ్వుతూనే ప్లేటు వెనక్కి లాక్కుని, అక్కడే నిలబడి ఆ కూర తినేశాడు. బాబాయికి కళ్లు చెమర్చినంత పనైంది. ఇన్నేళ్లుగా తను మొక్కుకున్నది ఇదే కదా. తూకం రాయడానికి కూతురు బోర్డు ఎక్కినంత పనిచేసి, నిన్నటి అంకె చెరిపి అంతకంటే చిన్న అంకె వేసింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. బాబాయి కూడా కొట్టాడు.

తర్వాత పీపాని వెనక గుమ్మం దగ్గరికి దొర్లించుకుపోయాడు. అక్కడ డబ్బాలక్క కూర్చుని ఉంది.

ఆమెది తోపుడుబండి. బండి మీద ఎప్పుడో నూనె పోసుకున్న రెండు పెద్ద డబ్బాలు ఉంటాయి. తొక్కలు, కాడలు, బియ్యం కడుగు, పిల్లలు వదిలేసిన తిండి అన్నీ ఆ డబ్బాల్లోకి పోతాయి. అక్కడి నుంచి ఆమె గేదె కడుపులోకి. ఆ గేదెని ఆమె దొరసాని అంటుంది. తొట్టి నిండా కుడితి పోసినా, పక్కన నిలబడి నుదురు గోకితే గాని అది మూతి పెట్టదు.

"వచ్చావా తమ్ముడూ? ఏదీ, మా దొరసాని భోజనం?"

బాబాయి పీపా వంచాడు. అడుగున ఉన్నది డబ్బాలో పడి, జానెడు కూడా లేవలేదు. అక్క కొంగు నడుముకి దోపుకుని, డబ్బాలో చెయ్యి పెట్టి కలియబెట్టింది. చేతికి తగిలిన అన్నం ముద్దని తీసి విడిగా చిన్న గిన్నెలో వేసుకుంది. "ఇది కోళ్లకి. దొరసానికి అన్నం ఎక్కువైతే పడదు" అంది తనలో తను అనుకున్నట్టు. రెండో డబ్బాలోకి తొంగి చూసింది. మళ్లీ మొదటి డబ్బాలోకి చూసింది.

"పిల్లలు బాగా తింటున్నారన్నమాట" అంది.

"అవునక్కా. బాగా తింటున్నారు."

"తిననీ. ఎదిగే పిల్లలు." మూత బిగించింది. "ఇదివరకు వీళ్లు వదిలేస్తుంటే తిట్టుకునేదాన్ని, పొగరుబోతు పిల్లలని. ఇప్పుడు వదలకపోతే తిట్టుకుంటున్నా. నా నోటికి తిట్టడం కావాలి, అంతే."

"గడ్డి కోసుకురావచ్చుగా అక్కా, హాస్టళ్ల వెనక…"

"ఏ లోకంలో ఉన్నావు? ఆ గడ్డంతా దున్నేసి మొక్కలు నాటారు. చుట్టూ కంచె కట్టి, లోపలికి రావద్దని బోర్డు పెట్టారు. మొక్కలు మంచివేలే. నీడనిస్తాయి, మనం పోయాక." నవ్వింది. నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. "దొరసాని చూడి మీద ఉంది తమ్ముడూ. పాలు ఎండిపోయి చాలా రోజులైంది. ఈనేదాకా దాని కడుపు నింపానంటే గట్టెక్కుతా. నింపలేనని తెలిసినట్టుంది, బేరగాడు రోజూ వచ్చి అరుగు మీద కూర్చుంటున్నాడు. కాకి పిండం దగ్గర కూర్చున్నట్టు."

"అమ్ముతావా?"

"నిన్ను అమ్ముతాను గాని దాన్ని అమ్మను." బండి తోయబోయి ఆగింది. "నా పాలక్యాను ఎప్పుడిస్తావు?"

ఇది పాత మాట. బాబాయి కూతురు చంటిపిల్లగా ఉన్నప్పుడు, భార్య జ్వరంతో పడి పాలు పడకపోతే, అక్క ఒక సత్తు క్యాను నిండా పాలు పంపింది. ఆ క్యాను ఇంకా వాళ్లింట్లోనే ఉంది.

"ఖాళీగా ఎలా ఇస్తానక్కా? నింపి ఇస్తా."

"నింపేటప్పటికి నా పళ్లూడిపోతాయి. పాలు తాగడానికి పళ్లక్కర్లేదులే, అదీ మంచిదే."

బండి తేలికగా పోయింది. ఇదివరకు ఆ బండి గుమ్మం దాటాలంటే బాబాయి వెనక నుంచి తోయాల్సివచ్చేది. ఇవాళ ఒట్టి చేతులతో నిలబడి చూశాడు.

సాయంత్రం ఇంట్లో కూతురి నోట ఒకటే మాట. పర్యావరణాన్ని బాగా కాపాడుకున్న విద్యాసంస్థకి ఏదో పెద్ద బహుమతి ఇస్తారట. దానికోసం పరీక్షించేవాళ్లు ఎల్లుండి వస్తున్నారట. పీపా, కాటా, వంటగది, అన్నీ చూస్తారట. "మేడం నిద్రపోవట్లేదు నాన్నా. కళ్ల కింద నల్లగా అయిపోయింది. ఇది వస్తే మిగతా కాలేజీలు కూడా మనల్ని చూసి మొదలుపెడతాయంటారు."

"మంచిదే కదమ్మా."

"ఆ 'మంచిదే' ఏంటి అలా అన్నావు?"

బాబాయి గూట్లో ఉన్న సత్తు క్యానుని చూస్తున్నాడు. మూతకి చిన్న గొలుసు, పక్కన ఒక సొట్ట. భార్య దాంట్లో కందిపప్పు పోసి పెట్టింది.

"అక్క బండి ఖాళీగా పోతోంది" అన్నాడు.

కూతురికి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. "అంటే… మేం చేసేది తప్పా?"

"తప్పని ఎవరన్నారు? అన్నం పారేయడం పాపం. చిన్నప్పుడు నీ కంచంలో మెతుకు మిగిలితే నేనే కదా తినమని కూర్చునేవాణ్ణి. కానీ ఆ పాపం మీద ఒక నోరులేని జీవం బతుకుతోందమ్మా. పాపం తగ్గితే దాని కడుపు కాలుతోంది. దీన్ని ఏమనాలో నాకు తెలియట్లేదు."

"వాళ్ల గేదెకి దాణా ఇవ్వమని మేడంని అడుగుతా."

"అడుగు. ఎల్లుండి హడావుడి అయ్యాక అడుగు."

భార్య వంటింట్లోంచి అంది: "మీ ఇద్దరూ దేశాన్ని ఉద్ధరించేలోపు ఆ క్యాను ఒకసారి ఇచ్చేసి రండి. ఆవిడ దాన్ని అడిగినప్పుడల్లా నా తల కొట్టేసినట్టవుతోంది."

"నింపి ఇస్తానన్నానుగా."

"నింపరూ, ఇవ్వరూ. మాట మాత్రం పెద్దది."

దీపం పెట్టి దణ్ణం పెట్టుకుంటూ బాబాయి దేవుణ్ణి ఒకటే అడిగాడు. పిల్లలు వదలకూడదు, గేదె పస్తుండకూడదు. రెండూ ఎలా కుదురుతాయో నువ్వే చూడు.

పరీక్షించేవాళ్లు వచ్చిన రోజు పొద్దుటి నుంచే భోజనశాల పెళ్లిల్లులా ఉంది. ఇతర కాలేజీల నుంచి అతిథులు చాలామంది వస్తున్నారని ఆఫీసు నుంచి చెప్పారు. వంట మామ తక్కువ చేద్దామంటే ఆఫీసువాళ్లు వినలేదు. చాలకపోతే పరువు పోతుందన్నారు. పెద్ద గంగాళాలు దింపారు. బియ్యం కడిగిన నీళ్లు తూము నిండా పారాయి.

మధ్యాహ్నమైంది. అతిథులు రాలేదు. సభ ఆలస్యమైందని, ఆకలికి తట్టుకోలేరని, ఎవరో పెద్దాయన బయటి నుంచి అట్టపెట్టెల్లో తిండి తెప్పించి అక్కడే పంచేశాడట. హాస్టలు పిల్లల్లో సగం మంది కూడా సభలోనే ఉండిపోయి ఆ పెట్టెలే తిన్నారు. భోజనశాలలో తెల్లటి అన్నం గంగాళాల్లో ఆవిర్లు కక్కుతూ ఉండిపోయింది.

వంట మామ గరిటెని గంగాళానికి ఆనించి నిలబడ్డాడు. "అట్టపెట్టెల్లో తిని, చేతులు తుడుచుకుని, ఇప్పుడు మన పీపా చూడటానికొస్తారు. చూడనీ. మన పీపా శుభ్రంగా ఉంది. గంగాళాలే నిండుగా ఉన్నాయి."

మేడం పరుగెత్తుకుంటూ వచ్చింది. ఈసారి భుజానికి నీళ్లసీసా లేదు. గంగాళాల వైపు చూసి, పక్కనున్న బల్ల పట్టుకుంది.

"రాత్రికి వడ్డిద్దాం మేడం" అన్నాడు వంట మామ. "చద్దన్నం తిని చచ్చినవాడు లేడు."

"వాళ్లు వంటగదిలోకీ వస్తారు మామా. ఇంత మిగిలిందని తెలిస్తే… పిల్లలు ఏడాదంతా పడ్డ కష్టం…" ఆవిడ బాబాయి వైపు తిరిగింది. "బాబాయ్ గారూ, ఇది అడగకూడదని నాకు తెలుసు. వాళ్లు వచ్చేలోపు దీన్ని ఎక్కడికైనా… ఇవాళ ఒక్కరోజుకి."

కూతురు పీపా దగ్గర నిలబడి వింటోంది. తొడుగుల చేతులు వెనక్కి పెట్టుకుంది.

బాబాయికి మాత్రం మనసులో దీపం వెలిగినట్టయింది. మొన్న దణ్ణం పెట్టుకుని అడిగాడు, ఇవాళ జవాబు వచ్చింది. "దాచడమెందుకమ్మా? తినే నోరుంది" అన్నాడు.

అక్క వచ్చే వేళ కాలేదు. ఆగే టైమూ లేదు. వంటగదిలో ఉన్న డబ్బాలన్నీ భోజనశాల బండి మీదే పెట్టి, గంగాళాల్లోంచి అన్నం ఎత్తి నింపారు. చేతులు కాలుతున్నా ఎవరూ ఆగలేదు. బాబాయి తనే బండి తోసుకుంటూ వెనక గుమ్మంలోంచి బయటపడ్డాడు. బరువుకి చక్రాలు కిర్రుమంటుంటే ఆ చప్పుడు అతనికి భజనలా వినిపించింది.

అక్క ఇల్లు రైలుకట్ట కింద, పాకకి ఆనుకుని ఉంటుంది. తలుపుకి గొళ్లెం పెట్టి ఉంది. "అక్కా!" అని పిలిచాడు. గడ్డి కోసం ఎటో పోయినట్టుంది. పాకలో దొరసాని గుంజకి కట్టేసి ఉంది. డొక్కలు లోపలికి పోయాయి. కడుపు మాత్రం కిందికి వేలాడుతోంది. తొట్టి ఖాళీగా, నాకి నాకి నున్నగా ఉంది.

బాబాయి ఒక డబ్బా వంచాడు. దొరసాని తల ఎత్తింది. నుదురు గోకాలని చెయ్యి చాచేలోపే అది తొట్టిలో మూతి పెట్టేసింది. "నన్ను నీ సొంతవాడే అనుకున్నావా తల్లీ" అని మురిసిపోయాడు. రెండో డబ్బా వంచాడు. మూడోది. అది ఊపిరి తీసుకోవడానికి కూడా ఆగకుండా తింటోంది. అంత ఆవురావురుమని ఒక ప్రాణి తినడం అతను ఎప్పుడూ చూడలేదు. కంచంలో మెతుకు ఎవరిదో ఇన్నాళ్లకి తేలిపోయిందనిపించింది. ఇదిగో, దీనిది. ఆకలేసినవాడిది. ఇంత చిన్న సంగతికి ఇన్నేళ్లు బుర్ర బద్దలు కొట్టుకున్నాను.

అన్ని డబ్బాలూ వంచాడు. కుళాయి కింద వాటిని కడిగాడు. అక్క డబ్బాలు కూడా మూల పడి ఉంటే, వాటినీ ఇసుక వేసి తోమి, పాక గోడకి ఆనించి వరసగా బోర్లించాడు. కడిగిన గిన్నె బోర్లించకుండా వదలడం అతని చేతకాదు. దొరసాని వీపు ఒకసారి నిమిరి, తన డబ్బాలు బండి మీద వేసుకుని తిరిగొచ్చాడు.

అతను వచ్చేసరికి పరీక్షించేవాళ్లు పీపా చుట్టూ నిలబడి ఫొటోలు తీసుకుంటున్నారు. బోర్డు మీద అంకె లేదు. పెద్ద సున్నా ఉంది. మేడం ఏదో చెబుతోంది గాని, ఆవిడ చూపు గంగాళాల మీదే ఉంది. కూతురు ఆ సున్నా కింద నిలబడి ఫొటో దిగలేదు. తలనొప్పి అని పక్కకి పోయింది.

మర్నాడు మధ్యాహ్నం డబ్బాలక్క రాలేదు.

"నిన్నటి విందు అరగలేదేమో" అన్నాడు వంట మామ. అతను వేళాకోళానికే అన్నాడు. బాబాయి కుళాయి దగ్గర చెయ్యి కడుక్కుంటుంటే అక్క చెయ్యి, ఆ చేతిలో అన్నం ముద్ద, ఆమె దాన్ని విడిగా చిన్న గిన్నెలో వేయడం కళ్ల ముందు కదిలాయి. దొరసానికి అన్నం ఎక్కువైతే పడదు. ఆ మాట తను విన్నాడు. వింటూ పీపా అడుగు గీకుతున్నాడు.

చెయ్యి తుడుచుకోకుండానే బయల్దేరాడు.

పాక ముందు పశువుల డాక్టరు మోటారుసైకిలు ఉంది. లోపల దొరసాని పక్కకి పడి ఉంది. కడుపు డప్పులా ఉబ్బి, ఒక వైపు కాళ్లు నేలకి ఆనడం లేదు. నోటి వెంట నురగ. అక్క దాని తల ఒడిలో పెట్టుకుని, నుదురు గోకుతూ కూర్చుంది. గోకుతూనే ఉంది.

"నెమరు ఎప్పుడాగింది?" డాక్టరు అడుగుతున్నాడు.

"నిన్న సాయంత్రం నేను వచ్చేసరికే."

"వట్టి కడుపు మీద ఇంత అన్నం ఎవరు పెట్టారు? కొంచెం కొంచెం అయితే వేరు. తొట్టెడు తిన్నట్టుంది. లోపల పులిసిపోయి విషమైపోతుంది. మనిషి పస్తుండి ఒక్కసారి మేస్తేనే తట్టుకోలేడు." కడుపులో గాలి తీయడానికి వేసిన గొట్టం తీసి సంచిలో పెట్టుకున్నాడు. "ఆకలితో ఉంచినా ఇంకో నెల బతికేది."

అక్క తల ఎత్తలేదు. "ఎవరు పెడతారు బాబూ. అదే పలుపు తెంచుకుని ఎక్కడో తినివచ్చినట్టుంది" అంది.

బాబాయి గుమ్మంలో నిలబడ్డాడు. నోరు తెరిచాడు. గోడ వైపు చూశాడు. అక్క డబ్బాలు నిన్న తను పెట్టినట్టే వరసగా బోర్లించి ఉన్నాయి. పలుపు గుంజకే ఉంది. తెగలేదు.

కడుపులో ఉన్నదాని సంగతి అక్క అడిగింది. డాక్టరు ఆమె వైపు చూడకుండా తల అడ్డంగా ఊపాడు. కొంచెంసేపటికి దొరసాని కాళ్లు ఒకసారి బిగుసుకుని వదులయ్యాయి. అక్క చెయ్యి ఇంకా గోకుతూనే ఉంది. తర్వాత ఆగింది. ఎత్తుకుపోవడానికి మనుషులు కావాలి కదా అని డాక్టరు బాబాయి వైపు చూసి అన్నాడు. బాబాయి పోయి మనుషుల్ని పిలుచుకొచ్చాడు. తాళ్లు కట్టించాడు. తనూ ఒక చెయ్యి వేశాడు. ఆ బరువు భుజం మీద పడినప్పుడు కాస్త తెరిపిగా అనిపించింది. దించేశాక మళ్లీ మామూలే.

ఇంటికొచ్చి భార్యకి చెప్పాడు. అంతా చెప్పాడు. "పుణ్యానికి పోతే పాపం ఎదురైంది" అంది ఆవిడ. కూతురు గదిలోంచి వచ్చి గుమ్మం పట్టుకుని నిలబడింది. చిన్నప్పుడు తను ఏ పాలు తాగి బతికిందో ఆ పిల్లకి తెలుసు. ఏడవలేదు. చెప్పులు వేసుకుని బయటికి పోయింది.

ఆ రోజు బాబాయి దణ్ణం పెట్టుకోవడానికి కూర్చున్నాడు గాని ఏం అడగాలో తెలియలేదు. కంచంలో మెతుకు సంగతి సరే స్వామీ. మంచి మనసుతో చేసిన తప్పు ఎవరిది? అడగనైతే అడిగాడు గాని, జవాబు రావాలని కోరుకోలేదు. నిన్న వచ్చిన జవాబు చాలనిపించింది.

పొద్దున్న భోజనశాలకి వెళ్లేసరికి బోర్డు దగ్గర మేడం, కూతురు నిలబడి ఉన్నారు. నిన్న పిల్ల తిన్నగా మేడం ఇంటికే పోయిందట. మేడం కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"నేనే కదా తీసుకుపొమ్మన్నాను బాబాయ్ గారూ."

"తీసుకుపొమ్మన్నది మీరమ్మా. పోసింది నేను."

"ఆ సున్నా కోసం…" వంట మామ కిటికీలోంచి చూస్తున్నాడు. ఎప్పుడూ ఏదో ఒకటి అనే మనిషి, ఇవాళ తల లోపలికి తీసుకున్నాడు.

మేడం బోర్డు వైపు తిరిగి, నిన్న ఎవరూ చెరపని ఆ సున్నాని అరచేత్తో తుడిచేసింది. సుద్ద ఆవిడ చేతికంతా అంటుకుంది. పరీక్షించేవాళ్లు వచ్చిన రోజు ఎంత మిగిలిందో వంట మామని అడిగింది. అతను లెక్క చెప్పాడు. కూతురు ఆ అంకె రాసింది. బోర్డు మీద అంత పెద్ద అంకె పడటం అదే మొదలు.

"ఇది వాళ్లకీ రాసి పంపిస్తాను" అంది మేడం. "బహుమతి ఎలాగూ…" చెయ్యి దులుపుకుంది. "ఆవిడకి ఏం చేయాలో చెప్పండి. ఏమైనా చేస్తాను."

"ఏమో అమ్మా" అన్నాడు బాబాయి. "నాకూ తెలియదు. ముందు నేను పోయి ఆవిడ మొహం చూడాలి."

ఇంటికి పోయి సత్తు క్యాను దింపాడు. భార్య అప్పటికే పప్పు వేరే డబ్బాలోకి పోసి, క్యానుని తళతళా తోమి పెట్టింది. దారిలో పాలకొట్టు దగ్గర ఆగి అంచుదాకా పోయించాడు. గొలుసు మూత బిగించి, తొణకకుండా రెండు చేతుల్తో పట్టుకుని నడిచాడు.

అక్క పాక కడిగేసింది. నేల ఇంకా తడిగా ఉంది. పలుపు చుట్టచుట్టి గుంజకి తగిలించింది. తను అరుగు మీద, బేరగాడు కూర్చునే చోట, ఊరికే కూర్చుని ఉంది.

"రా తమ్ముడూ."

బాబాయి క్యాను ఆమె పక్కన పెట్టి, కింద మెట్టు మీద కూర్చున్నాడు. "అక్కా, ఆ రోజు నేను…"

"తెలుసు."

అతను తల ఎత్తాడు.

"డబ్బాలు బోర్లించి ఉన్నాయిగా" అంది అక్క. "ఇంకెవరైనా అయితే పోసేసి, డబ్బాలు అక్కడే గిరాటేసి పోతారు. కడిగి, ఇసుకతో తోమి, వరసగా బోర్లించిపోయేవాడివి ఈ లోకంలో నువ్వొక్కడివే. గుమ్మంలో అడుగు పెట్టగానే తమ్ముడొచ్చాడని సంతోషించాను. తర్వాత దాన్ని చూశాను."

"మరి డాక్టరు ముందు ఒక్క మాట అనలేదేం? తిట్టాల్సిందక్కా. కొట్టాల్సింది."

"కొడితే లేచి నిలబడుతుందా?" కొంచెంసేపు పాక వైపు చూసింది. "తిట్టాను. నువ్వు లేనప్పుడు నిన్ను బాగా తిట్టాను. నీకు వినిపించలేదంటే నా తప్పు కాదు." నవ్వబోయింది. పెదవులు వంకర తిరిగాయి. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంగిపోయింది. భుజాలు కదిలాయి గాని చప్పుడు రాలేదు. బాబాయి ఆమె వైపు చెయ్యి చాచి, మధ్యలో ఆపి, తన మోకాలి మీదే పెట్టుకున్నాడు.

"కడుపు నిండా తిన్నదా?" అని అడిగింది, కొంగు తీయకుండానే.

"తిన్నదక్కా."

"గోకమని అడిగిందా?"

అబద్ధం చెప్పాలనిపించింది. "లేదక్కా. నేను గోకేలోపే మూతి పెట్టేసింది."

అక్క చాలాసేపు తల ఊపుతూ ఉండిపోయింది. "అంత ఆకలి మీద ఉంచానన్నమాట" అంది.

అప్పుడు క్యాను వైపు చూసింది. చేతిలోకి తీసుకుని సొట్ట మీద వేలు పెట్టింది. "అలాగే ఉంది." మూత తీసి, లోపలికి చూసి, మళ్లీ పెట్టింది. "నిండుగా తెచ్చావు."

"నింపి ఇస్తానన్నానుగా."

"అన్నావు." లేచి లోపలికి పోయి ఒక గిన్నె తెచ్చింది. పాలన్నీ అందులోకి ఒంపింది. చివరి చుక్క రాలేదాకా క్యానుని అలాగే పట్టుకుంది. "ఇక నువ్వు నాకు బాకీ లేవు తమ్ముడూ."

బాబాయికి ఆ మాట వినడం కష్టమైంది. ఇంకో ఇరవయ్యేళ్లు ఆమె వెనక గుమ్మం దగ్గర నిలబడి క్యాను ఎప్పుడిస్తావని అడుగుతూ ఉంటే బాగుండుననిపించింది.

అక్క కుళాయి దగ్గరికి నడిచింది. గుప్పెడు ఇసుక తీసుకుని క్యాను లోపలా బయటా తోమింది. నీళ్లు పోసి కడిగింది, వెలుగుకి పట్టి చూసింది, మళ్లీ ఒకసారి కడిగింది. తర్వాత దాన్ని తెచ్చి, గోడ పక్కన ఆ డబ్బాల వరస చివర బోర్లించింది.